మేక మందు కుక్కకు, కుక్క మందు పిల్లికి: సీతంపేట మన్యంలో పెంపుడు జంతువుల పరాన్నజీవ చికిత్స – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:

మన్యం గ్రామాల్లో కుక్క, పిల్లి ఇంటికీ పంటకూ కాపలా. వాటిని పీడించే పరాన్నజీవులకు చికిత్స మాత్రం చాలాచోట్ల మేకలకో పశువులకో తెచ్చిన మందులో మిగిలినదానితోనే సాగుతుంది. ఇలా అరువు తెచ్చుకున్న మందు ఒక సందర్భంలో మోతాదు మించి ప్రాణం తీస్తుంది, మరొక సందర్భంలో మోతాదు చాలక పురుగును బతకనిస్తుంది. ఈ రెండు దోషాలకూ మూలం ఒకటే. మందును జంతువు జాతి, శరీర బరువు, పురుగు జీవితచక్రం అనే మూడింటి నుంచి విడదీసి చూడటమే ఆ మూలం. పార్వతీపురం మన్యం జిల్లా సీతంపేట ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని ఈ విషయాన్ని వివరించడం, అక్కడి జీవనానికి అనువైన చికిత్సా క్రమాన్ని సూచించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలక పదాలు: సీతంపేట, మన్యం, పరాన్నజీవులు, నట్టల నివారణ, ఐవర్‌మెక్టిన్, ప్రాజిక్వాంటెల్, గోమార్లు, ఏకారోగ్యం.

1. ప్రవేశిక:

పరాన్నజీవి అంటే మరొక ప్రాణి శరీరంపైన గానీ లోపల గానీ ఉంటూ, ఆ ప్రాణి నుంచి ఆహారం తీసుకొని బతికే జీవి. ఆశ్రయమిచ్చే ప్రాణిని ఆతిథేయి అంటారు. కుక్క, పిల్లులలో పేగులను ఆశ్రయించే ఏలికపాములు, కొంకిపురుగులు, బద్దెపురుగులు అంతఃపరాన్నజీవులు. చర్మాన్ని ఆశ్రయించే గోమార్లు, పేలు, ఫ్లీలు, గజ్జి పురుగులు బాహ్యపరాన్నజీవులు. రక్తకణాలలో పెరిగే సూక్ష్మజీవులు వీటికి అదనం.

వీటి నివారణకు నేడు సమర్థమైన మందులున్నాయి. ఐవర్‌మెక్టిన్ ఆవిష్కరణకు మూలమైన పరిశోధనకు సతోషి ఒమురా, విలియం క్యాంప్‌బెల్‌లకు 2015లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఆ మందు ఇప్పుడు చిన్న పట్టణాల పశు ఔషధ దుకాణాలలో కూడా దొరుకుతుంది. కాబట్టి మన్యంలో సమస్య మందు లేకపోవడం మాత్రమే కాదు. ఏ మందు, ఏ జంతువుకు, ఎంత, ఎన్నిసార్లు అన్న జ్ఞానం మందుతోపాటు కొండ ఎక్కకపోవడం అంతకన్నా పెద్ద సమస్య. ఈ వ్యాసంలోని మోతాదులు వివరణ కోసం, పోలిక కోసం ఇచ్చినవి. చికిత్సా నిర్ణయం పశువైద్యునిదే.

2. సీతంపేట ఆవరణం:

సీతంపేట తూర్పు కనుమలలోని గిరిజన మండలం. పూర్వం శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఈ మండలం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయం ఇక్కడ ఉంది. సవరలు, జాతాపులు ఇక్కడి ప్రధాన గిరిజన సమూహాలు. కొండవాలుల్లో పోడు, జీడి, పసుపు, అనాస, చింతపండు వీరి జీవనాధారాలు. మేకలు, కోళ్లు ఇంటింటి సంపద. ఆ సంపదకూ, కొండమీది పంటకూ కుక్క కాపలా. గింజల గాదె దగ్గర ఎలుకలను పట్టేది పిల్లి.

ఈ జీవనంలో పరాన్నజీవులకు అనుకూలించే అంశాలు నాలుగు. మొదటిది, నైరుతి రుతుపవనాల కాలమంతా తడిగా, నీడగా ఉండే నేల. కొంకిపురుగు డింభకాలు అటువంటి నేలలోనే బతుకుతాయి. రెండవది, కుక్కలు కట్టుబడి లేకుండా ఇల్లు, పొలం, అడవి అంచు కలయదిరగడం. మూడవది, పండుగలకు మేకను కోసినప్పుడు పేగులు, పనికిరాని అవయవాలు కుక్కలకు అందడం. నాలుగవది, పెద్దలూ పిల్లలూ అదే నేలపై చాలాసార్లు వట్టి కాళ్లతో నడవడం. ఈ నాలుగూ విడివిడిగా చూస్తే సాధారణమైన పల్లె లక్షణాలు. కలిపి చూస్తే పురుగు ఒక ప్రాణి నుంచి మరొక ప్రాణికి చేరే దారులు.

3. అంతఃపరాన్నజీవులు – జీవితచక్రాన్ని అనుసరించి చికిత్స:

3.1. ఏలికపాములు:

కుక్కల ఏలికపాము శాస్త్రీయనామం టాక్సోకారా కేనిస్. దీని డింభకాలు పెద్ద ఆడకుక్క కండరాలలో నిద్రాణంగా ఉండి, గర్భం చివరి దశలో మేల్కొని మావి గుండా పిల్లల శరీరంలోకి ప్రవేశిస్తాయి. అంటే పిల్ల పుట్టేనాటికే దాని శరీరంలో పురుగు ఉంటుంది. సాధారణ నట్టల మందులు తల్లి కండరాలలో నిద్రించే డింభకాలను చేరలేవు. అందువల్ల తల్లికి ఒకసారి మందు వేశాం కనుక పిల్లలు క్షేమమని భావించడం పొరపాటు.

పొట్ట ఉబ్బి, వెంట్రుకలు గరుకై, ఎదుగుదల లేని కుక్కపిల్లను చూసి పాలు చాలలేదనుకోవడం కద్దు. చాలాసార్లు కారణం ఏలికపాములే. పుట్టిన 2వ వారంలో మొదలుపెట్టి 4, 6, 8 వారాలలో మందు వేయాలన్న నియమం ఈ జీవితచక్రం నుంచే వచ్చింది. ఒక్కసారి వేసిన మందు ఆనాడు పేగులో ఉన్న పురుగులను తొలగిస్తుంది. కాలేయం, ఊపిరితిత్తుల గుండా ప్రయాణిస్తున్నవి తరువాత పేగుకు చేరి పెరుగుతాయి. ఈ వయసులో పైరాంటెల్ సురక్షితమైన మందు. తల్లికి కూడా పిల్లలతోపాటే వేయాలి.

పిల్లుల ఏలికపాము టాక్సోకారా కాటి మావి ద్వారా సంక్రమించదు, పాల ద్వారా సంక్రమిస్తుంది. అందుకే పిల్లికూనలకు 3వ వారం నుంచి చికిత్స మొదలుపెట్టి, రెండేసి వారాలకు మళ్లీ వేస్తారు.

మలంతో బయటపడ్డ టాక్సోకారా గుడ్డు వెంటనే సోకదు. నేలలో 2 నుంచి 4 వారాలు గడిచాకే సోకే దశకు చేరుతుంది. ఆపైన ఏళ్ల తరబడి నేలలో నిలవగలదు. మట్టిలో ఆడే పిల్లల నోటికి చేరితే ఆ డింభకాలు కాలేయానికో, ఊపిరితిత్తులకో, కొన్నిసార్లు కంటికో వెళ్తాయి. కంటికి చేరితే చూపే పోవచ్చు. తాజా మలాన్ని ఎత్తి పూడ్చడం మందుతో సమానమైన చికిత్స అనడానికి ఆధారం ఈ రెండు వారాల వ్యవధిలోనే ఉంది.

3.2. కొంకిపురుగులు:

ఆంకైలోస్టోమా కేనైనమ్ అనే కొంకిపురుగు పేగు గోడను కరిచి రక్తం పీలుస్తుంది. ఒక్కో పురుగు వల్ల రోజుకు సుమారు 0.1 మిల్లీలీటరు వరకు రక్తం నష్టమవుతుంది. ఈ అంకె చిన్నదిగా కనిపించవచ్చు. కాని కిలో బరువున్న కుక్కపిల్లలో మొత్తం రక్తం 80 నుంచి 90 మిల్లీలీటర్లు. నూరు పురుగులుంటే రోజుకు 10 మిల్లీలీటర్లు, అంటే శరీరంలోని రక్తంలో పదో వంతుకు పైగా పోతుంది. చిగుళ్లు తెల్లబడి, నల్లని జిగట విరేచనమై పిల్ల రోజుల్లోనే చనిపోతుంది. తల్లిపాల ద్వారా సోకిన పిల్లలలో గుడ్లు మలంలో కనిపించకముందే మరణం సంభవించవచ్చు. కనుక మల పరీక్షలో ఏమీ లేదన్న ఒక్క కారణంతో చికిత్సను వాయిదా వేయరాదు.

ఆసియా దేశాలలో మరొక జాతి మరింత ముఖ్యమైనది. 1911లో లూస్ అనే శాస్త్రజ్ఞుడు శ్రీలంక పునుగుపిల్లి నుంచి వర్ణించిన ఆంకైలోస్టోమా సిలానికమ్ కుక్క, పిల్లుల నుంచి మనిషికి సోకి, మనిషి పేగులో కూడా పూర్తిగా ఎదుగుతుంది. తడి నేలలో దీని డింభకాలు వారం రోజుల్లోపే సోకే దశకు వస్తాయి, పాదాల చర్మం గుండా శరీరంలోకి వెళ్తాయి.

ఇక్కడ ఒక విధానపరమైన ప్రశ్న తలెత్తుతుంది. 2015 నుంచి దేశవ్యాప్తంగా జాతీయ నులిపురుగుల నివారణ దినం జరుగుతున్నది. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిపిల్లలకు, అంగన్‌వాడీ పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. మాత్ర మింగిన పిల్లవాడు ఇంటికి వెళ్లి నడిచే వాకిట్లో కుక్క మలం ద్వారా అదే కుటుంబానికి చెందిన పురుగు మళ్లీ మళ్లీ నేలకు చేరుతుంటే ఆ మాత్ర ఫలితం ఎంతకాలం నిలుస్తుంది? పిల్లల ఆరోగ్యం, కుక్కల ఆరోగ్యం వేర్వేరు శాఖల పనులు కావచ్చు. నేల మాత్రం ఒక్కటే. మనుషుల, జంతువుల, పరిసరాల ఆరోగ్యాన్ని కలిపి చూసే ఏకారోగ్య భావన సారాంశం ఇదే.

3.3. బద్దెపురుగులు:

కుక్క మలద్వారం దగ్గర బియ్యపుగింజల్లా కదిలే ముక్కలు డైపిలిడియం కేనైనమ్ అనే బద్దెపురుగు ఖండాలు. ఇది నేరుగా కుక్క నుంచి కుక్కకు సోకదు. దీని గుడ్డును ఫ్లీ డింభకం తింటుంది. ఎదిగిన ఫ్లీని కుక్క గానీ పిల్లి గానీ ఒళ్లు నాక్కుంటూ మింగుతుంది. ప్రాజిక్వాంటెల్ కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున ఒక్కసారి ఇస్తే పురుగు పోతుంది. ఫ్లీలు అలాగే ఉంటే మూడు, నాలుగు వారాల్లో ముక్కలు మళ్లీ కనిపిస్తాయి. అప్పుడు మందు పనిచేయలేదన్న నింద వస్తుంది. నిజానికి మందు పనిచేసింది, పని సగమే జరిగింది.

ఎకైనోకాకస్ గ్రాన్యులోసస్ ఇంతకన్నా ప్రమాదకరం. కొన్ని మిల్లీమీటర్ల పొడవుండే ఈ పురుగు కుక్క పేగులో ఉంటుంది. దీని గుడ్లను మేతతో తిన్న మేక, గొర్రె, గేదెల కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటితిత్తులు పెరుగుతాయి. వాటినే హైడాటిడ్ తిత్తులు అంటారు. కోతనాడు ఆ తిత్తులున్న అవయవం కుక్కకు వేస్తే చక్రం పూర్తవుతుంది. మనిషి గుడ్లను మింగితే అదే తిత్తి మనిషి కాలేయంలో ఏళ్ల తరబడి మెల్లగా పెరిగి శస్త్రచికిత్స దాకా తీసుకెళ్తుంది. టాక్సోకారా గుడ్లవలె కాక, ఈ గుడ్లు మలంతో బయటపడిన క్షణం నుంచే సోకే స్థితిలో ఉంటాయి. పైగా ప్రాజిక్వాంటెల్ పురుగును చంపుతుంది గానీ గుడ్లను చంపదు. కాబట్టి మందు వేసిన తరువాత రెండు రోజులపాటు కుక్కను కట్టి ఉంచి, మలాన్ని కాల్చడమో లోతుగా పూడ్చడమో చేయాలి.

పశుసంవర్ధక శాఖ మేకలు, గొర్రెలకు సామూహికంగా నట్టల నివారణ మందు తాగిస్తుంది. ఆ మందు మేక పేగులోని పురుగులకు. మేక కాలేయంలోని తిత్తి కుక్క నుంచి వచ్చింది, దానికి ఆ మందు విరుగుడు కాదు. మేకను ఈ తిత్తుల నుంచి కాపాడే మందు కుక్క నోట్లో పడాలి.

4. బాహ్యపరాన్నజీవులు – రక్తవ్యాధులు:

కుక్కల గోధుమరంగు గోమారి మూడు దశలలోనూ కుక్క రక్తమే తాగుతుంది. ప్రతి దశ తరువాత కిందికి దిగి గోడ పగుళ్లలో, గడప సందుల్లో దాక్కుంటుంది. ఒక్క ఆడ గోమారి వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. కుక్క ఒంటిపై కనిపించే గోమార్లను ఏరి పారేస్తే సరిపోదనడానికి ఇదే కారణం. మట్టిగోడల పగుళ్లు పూడ్చి అలకడం, కుక్క పడుకునే చోటును శుభ్రపరచడం చికిత్సలో భాగాలు. ఫ్లీల విషయంలోనూ ఇంతే. ఎదిగిన ఫ్లీలు మొత్తం సంతతిలో కొద్ది భాగమే. గుడ్లు, డింభకాలు, గూటిలోని దశలు నేలలో, గోనెపట్టాలలో ఉంటాయి.

గోమారి రక్తం తాగడంతో ఆగదు. ఎర్లీకియా కేనిస్ అనే సూక్ష్మజీవిని కుక్క రక్తంలోకి వదులుతుంది. జ్వరం, ఆకలి లేమి, ముక్కు నుంచి రక్తం కారడం దీని లక్షణాలు. సాధారణంగా డాక్సీసైక్లిన్‌ను 28 రోజులపాటు వాడాలి. రెండు రోజులకే కుక్క లేచి తిరిగిందని మాత్ర ఆపేస్తే వ్యాధి దీర్ఘరూపం దాల్చే అవకాశం ఉంది. ఎర్ర రక్తకణాలను ఛేదించే బబీసియా గిబ్‌సోనైకి దక్షిణ భారతంతో చారిత్రక సంబంధం ఉంది. 1910లో ప్యాటన్ అనే శాస్త్రజ్ఞుడు మద్రాసులోని వేటకుక్కల రక్తంలో దీనిని మొదట గుర్తించి, తరువాత నక్క రక్తంలోనూ కనుగొన్నాడు. వేటకుక్క, అడవి జంతువు ఒకే గోమారి తెగను పంచుకునే అడవి అంచు గ్రామాలకు ఈ నూరేళ్లనాటి పరిశీలన నేటికీ వర్తిస్తుంది.

గజ్జి మరొక ప్రధాన బాధ. సార్కాప్టిస్ స్కేబియై అనే పురుగు చర్మంలో సొరంగాలు చేసి గుడ్లు పెడుతుంది. చెవుల అంచులు, మోచేతులు మొదట బొబ్బకట్టి వెంట్రుకలు రాలుతాయి. కుక్కను ఎత్తుకునే పిల్లలకూ తాత్కాలికంగా దురద సోకుతుంది. డెమోడెక్స్ అనే మరో పురుగు వల్ల వచ్చే చర్మవ్యాధి చూపుకు ఇలాగే ఉంటుంది గాని అంటువ్యాధి కాదు, చికిత్సాకాలం కూడా వేరు. చర్మాన్ని గీరి సూక్ష్మదర్శినిలో చూస్తే తప్ప ఈ రెండింటినీ నిర్ధారించలేం.

5. అరువు మందు – రెండు వైపుల ప్రమాదం:

5.1. మోతాదు మించడం:

పశువులకు వాడే ఐవర్‌మెక్టిన్ సూదిమందు సాధారణంగా 1 శాతం గాఢతలో దొరుకుతుంది. అంటే ఒక మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాములు. పశువుల మోతాదు ప్రకారం ఒక మిల్లీలీటరు 50 కిలోల బరువుకు సరిపోతుంది. గజ్జికి పశువైద్యులు కుక్కకు కిలోకు 0.2 మిల్లీగ్రాముల లెక్కన వాడితే, 10 కిలోల కుక్కకు కావలసింది 0.2 మిల్లీలీటరు మాత్రమే. సిరంజిలో అంత చిన్న గీత చూడటం కష్టమై కంటి అంచనాతో ఒక మిల్లీలీటరు ఎక్కిస్తే ఆ కుక్కకు చేరేది ఐదు రెట్లు. అదే మందు 2 కిలోల కుక్కపిల్లకైతే ఇరవై ఐదు రెట్లు. తూలడం, కంటిపాప విప్పారడం, చూపు పోవడం, అపస్మారకం, మరణం ఆ తరువాతి మెట్లు.

కోలీ వంటి కొన్ని విదేశీ జాతుల కుక్కలు ఐవర్‌మెక్టిన్‌ను తట్టుకోలేవన్నది ప్రసిద్ధం. మెదడులోకి మందు చొరబడకుండా కాపాడే ప్రొటీన్ జన్యువులో నాలుగు అక్షరాల లోపమే దీనికి కారణమని 2001లో గుర్తించారు. మన్యపు నాటు కుక్కకు ముఖ్యమైన ముప్పు జన్యువు కన్నా కూడికలో, గుణకారంలో జరిగే పొరపాటు.

5.2. మోతాదు చాలకపోవడం:

ఫెన్‌బెండజోల్ ఉదాహరణ దీనికి సరిగ్గా విరుద్ధం. పశువులకు కిలోకు 5 మిల్లీగ్రాములు ఒక్కసారి తాగిస్తారు. కుక్కకు కిలోకు 50 మిల్లీగ్రాముల చొప్పున వరుసగా మూడు రోజులు ఇవ్వాలి. మొత్తం మీద కుక్కకు కావలసినది ముప్పై రెట్లు. పశువుల లెక్కన కుక్కకు తాగిస్తే పురుగు చావదు. పైగా చాలని మోతాదులు పదేపదే వాడటం మందును తట్టుకునే పురుగులను మిగుల్చుతుంది. అనేక మందులకు లొంగని కుక్కల కొంకిపురుగులను 2019లో అమెరికాలోని గ్రేహౌండ్ జాతి పందెపు కుక్కల నుంచి వివరించారు. అది తరచు మందులు వాడిన వాతావరణం. మన్యంలో మందు వాడకం తక్కువే అయినా, వాడే కొద్దిపాటి మందునూ తప్పు మోతాదులో వాడటం అదే దారిలో వేసే అడుగు.

ఇంటిలో మిగిలిన ఆల్బెండజోల్ మాత్రను కుక్కకు, పిల్లికి వేయడం కూడా మంచిది కాదు. ఈ జంతువులలో అది ఎముక మజ్జను దెబ్బతీసిన సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. పశువుల రక్తవ్యాధులకు వాడే డిమినజీన్‌ను కుక్కకు కొద్దిరోజుల వ్యవధిలో మళ్లీ వేస్తే మెదడులో రక్తస్రావం కావచ్చు.

5.3. పిల్లి చిన్న కుక్క కాదు:

పిల్లి కాలేయం కొన్ని రసాయనాలను విరిచి బయటకు పంపే గ్లూకురోనైడ్ మార్గంలో బలహీనమైనది. కుక్క సులువుగా భరించే పెర్మెత్రిన్ పిల్లి ఒంట్లో పేరుకొని నరాలను ఉద్రేకపరుస్తుంది. కుక్కల వీపుపై వేసే గాఢమైన పెర్మెత్రిన్ చుక్కలు పిల్లిపై పడితే కొద్ది గంటల్లో చెవులు, కండరాలు అదిరి, వణుకు, మూర్ఛ వస్తాయి. అదే తెగకు చెందిన డెల్టామెత్రిన్, వేరే తెగకు చెందిన అమిట్రాజ్ పశువుల గోమార్లకు విరివిగా వాడుకలో ఉన్నాయి. వాటినీ పిల్లికి పూయరాదు. మందు పూసిన కుక్కను ఆనుకొని పడుకున్నా, ఆ తడిని నాకినా పిల్లికి ప్రమాదమే. పొరపాటు జరిగితే గోరువెచ్చని సబ్బునీటితో ఒళ్లు కడిగి, తుడిచి, వెచ్చగా ఉంచి వెంటనే పశువైద్యుని దగ్గరకు చేర్చాలి.

ఇంటి వైద్యాల పేరిట జరిగే కొన్ని పనులను కూడా ఇక్కడే చెప్పుకోవాలి. గజ్జికి వాడేసిన ఇంజన్ నూనె పూస్తే చర్మం కాలడమే కాక, నాకినప్పుడు కడుపుకూ ఊపిరితిత్తులకూ హాని. పొగాకు కషాయంలోని నికోటిన్ చర్మం గుండా ఇంకే విషం. వేపనూనె కొంతవరకు పురుగును దూరం ఉంచవచ్చునేమో గాని, లోతైన గజ్జికి చికిత్స కాజాలదు. ఒళ్లు నాక్కునే పిల్లికి అది కూడా తగదు.

6. మందుకు ముందు మార్పు – రెండు దేశాల అనుభవం:

చికిత్స అంటే మందు మాత్రమే కాదనడానికి హైడాటిడ్ వ్యాధి చరిత్ర మంచి ఉదాహరణ. 19వ శతాబ్దంలో ఐస్‌లాండ్ గొర్రెల పెంపకందార్లలో ఈ వ్యాధి విపరీతంగా ఉండేది. హరాల్డ్ క్రాబే అనే డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు 1863లో అక్కడికి వెళ్లి పరిశోధించాడు. వ్యాధి ఎలా వస్తుందో ప్రజల భాషలో వివరించే చిన్న పుస్తకం మరుసటి ఏడు ఇంటింటికీ చేరింది. తిత్తులున్న అవయవాలను కుక్కలకు వేయవద్దన్న నియమం క్రమంగా ఆచారమైంది. ప్రాజిక్వాంటెల్ పుట్టడానికి చాలా ముందే ఆ దేశం ఈ వ్యాధిని దాదాపుగా తొలగించుకుంది.

న్యూజిలాండ్‌లో కుక్కలకు మొదట వాడిన మందు ఆరెకోలిన్. అది మన తాంబూలంలోని వక్క నుంచి వచ్చే పదార్థమే. పేగును బలంగా కదిలించి పురుగును బయటికి తోసేది. కాని వాంతులు, నీరసం వంటి బాధలు ఎక్కువ. అందుకే నేడు దాని స్థానంలో ప్రాజిక్వాంటెల్ వచ్చింది. దశాబ్దాల పాటు కుక్కల చికిత్స, కోత వ్యర్థాల నియంత్రణ కలిపి సాగించిన ఆ దేశం 2002లో తాత్కాలికంగా ఈ వ్యాధి లేనిదిగా ప్రకటించుకుంది. వక్కలో మందు గుణం ఉందన్న మాట నిజమే. కొలత లేని గుణం మందు కాదన్నది దానితోపాటు తెలుసుకోవలసిన పాఠం.

7. సీతంపేటకు అనువైన చికిత్సా క్రమం – సూచనలు:

7.1. తూకం: సరైన చికిత్సకు మొదటి మెట్టు బరువు. సంతలో పసుపు, చింతపండు తూచే వేలాడే కాటాకు గోనెసంచి కట్టి కుక్కపిల్లను తూచవచ్చు. పెద్ద కుక్కను ఎత్తుకొని మనిషి బరువు చూసి, అందులోంచి మనిషి బరువు తీసివేయవచ్చు. ఖరీదైన పరికరం అక్కరలేదు.

7.2. కాలపట్టిక: పెద్ద కుక్కలకు ఏడాదికి నాలుగుసార్లు నట్టల మందు వేయడం ఆచరణీయమైన లక్ష్యం. జులై 6 ప్రపంచ జూనోసిస్ దినాన పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితంగా రేబీస్ టీకాలు వేస్తారు. ఆనాడే ప్రాజిక్వాంటెల్ ఉన్న మాత్ర కూడా ఇస్తే ఒక ప్రయాణంతో రెండు పనులవుతాయి. కందికొత్తల పండుగ ముగిశాక, పిల్లల నులిపురుగుల దినమైన ఫిబ్రవరి 10 వారంలో మరొక విడత. వేసవిలో ఒకటి, వానలు వెనుదిరిగే అక్టోబరులో ఒకటి. ఆహారంలో కలిపి ఇచ్చిన మాత్రను కుక్క మింగిందో లేదో చూడాలి. కొత్త కుక్క నోట్లో చేయి పెట్టరాదు. కరిస్తే గాయాన్ని సబ్బునీటితో పావుగంట కడిగి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి.

7.3. పండుగ వ్యర్థాలు: కోతనాడు పేగులు, నీటితిత్తులున్న అవయవాలను కుక్కలు తవ్వలేనంత లోతు గోతిలో పూడ్చాలి, లేదా బాగా ఉడికించాకే వేయాలి. ఆచారాన్ని మానమని చెప్పనక్కరలేదు. మాంసం పంచుకునే వరుసలో గొయ్యికీ ఒక వాటా ఉండాలని గ్రామపెద్దలు చెబితే చాలు.

7.4. భాష: మందు చీటీ ఇంగ్లీషులో, సలహా తెలుగులో, ఇల్లు సవర భాషలో ఉంటే మధ్యలో మోతాదు తప్పిపోతుంది. గిడుగు వెంకట రామమూర్తి సవరల భాష నేర్చి, ఆ భాషకు 1931లో వ్యాకరణ గ్రంథం, 1938లో నిఘంటువు వెలువరించారు. ఏ ప్రజలకు చదువు చెప్పాలన్నా వారి నుడిలోనే చెప్పాలన్న ఆయన దృష్టి ఆరోగ్య బోధనకూ వర్తిస్తుంది. “కిలోకు ఎంత, ఎన్ని రోజులు, పిల్లికి వద్దు” అనే మూడు మాటలు బొమ్మలతో సవర, తెలుగు భాషల్లో సీసాపై అంటిస్తే ఎన్నో ప్రాణాలు దక్కుతాయి. సవర భాషాధ్యయనం చేసే పరిశోధకులు, గరివిడి పశువైద్య కళాశాల విద్యార్థులు కలిసి చేపట్టదగిన పని ఇది.

7.5. అందుబాటు: 2022లో రాష్ట్రంలో మొదలైన సంచార పశువైద్య వాహనాలను 1962 నంబరుకు ఫోన్ చేసి పిలవవచ్చు. పశువులకూ మేకలకూ వైద్యం అందే సందర్భంలోనే కుక్క, పిల్లుల తూకం, మందు కూడా జరిగేలా చూడటం అదనపు భారం కాదు.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. కుక్క, పిల్లుల పరాన్నజీవ చికిత్సలో మందు ఎంపిక కన్నా ముందు జాతి, బరువు, పురుగు జీవితచక్రం తెలియాలి.

2. పశువుల మందును అరువు తెచ్చుకోవడం వల్ల ఐవర్‌మెక్టిన్ విషయంలో మోతాదు మించుతుంది, ఫెన్‌బెండజోల్ విషయంలో చాలకపోతుంది. రెండూ ఒకే అజ్ఞానపు ఫలితాలు.

3. కుక్కకు వాడే పెర్మెత్రిన్, పశువులకు వాడే డెల్టామెత్రిన్, అమిట్రాజ్ పిల్లికి ప్రాణాంతకం కాగలవు.

4. ఏలికపాము, కొంకిపురుగు, హైడాటిడ్ పురుగు విషయంలో కుక్కకు ఇచ్చే మందు ఇంటి పిల్లలకూ మందలోని మేకలకూ రక్షణ.

5. మల నిర్మూలన, కోత వ్యర్థాల పూడ్చివేత, గోడల పగుళ్లు అలకడం లేకుండా ఏ మందూ నిలకడైన ఫలితం ఇవ్వదు.

కొండమీద రాత్రంతా మేలుకొని పంట కాచిన కుక్కకు ఇంటివారు మందు వేయాలనుకోవడం ప్రేమతోనే. మిగిలిపోయిన సీసాలో నుంచి ఇంత పోసేది కూడా ఆ ప్రేమతోనే. ఆ చేతికి ఒక కొలత అందించడం పశువైద్యుల పని, ఆ కొలతను వారి భాషలోకి మార్చడం మన విశ్వవిద్యాలయాల పని.